గృహారోగ్యము: ఇంటిదొంగను పట్టు కావలివారు



ఈ నెల మాకు వచ్చిన ఉత్తరములలో తాండూరునుండి ఒక సోదరి వ్రాసిన లేఖ మమ్ము మిక్కిలి కలతపెట్టినది. తన పేరు ప్రకటింపవలదని ఆమె కోరినందున విషయమును మాత్రము ఇచట మనవి చేయుచున్నాము. ఆమె తోడికోడలికి, ఆ ప్రాంతపు మాటలో యారాలికి, రెండు మాసముల క్రిందట ఊపిరితిత్తుల క్షయ యున్నట్లు తేలినది. ప్రభుత్వ వైద్యశాలవారు మందులు మొదలుపెట్టిరి. రోగి యున్న యింట తక్కినవారినిగూడ పరీక్షింపవలెను గనుక ఈ సోదరికి ముంజేతి చర్మములో చిన్న సూదిమందు వేసిరి. మూడవనాటికి అచట 14 మిల్లీమీటర్ల మేర గట్టిగా పొంగినది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు నిర్మలముగానే యున్నవి. దగ్గులేదు, జ్వరములేదు, బరువు తగ్గలేదు. "నీకు జబ్బు లేదు, అయినను ముందుజాగ్రత్తగా కొన్నాళ్లు మాత్రలు మ్రింగుము" అని వైద్యులు చెప్పిరి.

కాని యింటివారి చెవికి "పాజిటివ్" అను ఒక్కమాటయే చేరినది. అత్తగారు ఆమె కంచమును, గ్లాసును వేరుచేసిరి. రెండేండ్ల బిడ్డను ఆమె ప్రక్కనుండి తీసి నాయనమ్మ ప్రక్కను పరుండబెట్టుచున్నారు. ఆమెను పుట్టింటికి పంపివేయుదమను మాటయు వచ్చినదట. "అమ్మా, జబ్బు లేదని వైద్యులందురు, ఉన్నదని ఇంటివారందురు. లేనిచో మాత్రలేల? ఉండినచో నాకు తెలియకపోవుటెట్లు? నా చేతిమీది ఆ పొంగు ఏమి?" అని ఆమె అడుగుచున్నది.

ఈ ప్రశ్న ఆమె యొక్కతెది కాదు. ప్రపంచ జనులలో సుమారు నాలుగవవంతు మందికి క్షయక్రిమి ఎప్పుడో ఒకప్పుడు సోకియున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. అట్లు సోకినవారిలో జీవితకాలమున జబ్బుపడువారు నూటికి 5 మొదలు 10 మంది మాత్రమే. తక్కిన తొంబదిమందిని కాచుచున్నదెవరు? ఆ సంగతి తెలిసినచో సోదరి ప్రశ్నలు మూడింటికిని ఒక్కటే జవాబు దొరకును. గావున ఈ మాసము ఆ కథనే చెప్పదలచితిమి.

తాండూరునుండి రైలెక్కి సికింద్రాబాదు దిక్కుగా వచ్చిన వికారాబాదు జంక్షను తగులును. ఆ యూరి చెంతనే అనంతగిరి కొండలున్నవి. మూసీనది పుట్టినది అచటనే. అనంతపద్మనాభస్వామి దర్శనమునకు పోవు యాత్రికులకు, ఆ కొండయడవిలో నిజాముల కాలమున వెలసిన క్షయ చికిత్సాలయము పరిచితమే. అట్టి చోట్లకు రోగులను పంపిన తొలినాళ్లలో క్షయక్రిమిని చంపు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అది మన దేశపు సామాన్యులకు అందుటకు మరి కొన్నేండ్లు పట్టినది. అంతకు పూర్వము వైద్యులు రోగికి ఈయగలిగినవి మంచిగాలి, విశ్రాంతి, పుష్టినిచ్చు భోజనము, ఇంతియే. అనేకులు మరణించిరి. అయినను కొందరు కోలుకొని కొండ దిగి తమ యిండ్లకు చేరిరి. మందే లేనినాడు వారిలోని క్రిమిని అణచినదెవరని ఆలోచింపుడు. వారి శరీరములోని కావలివారే.

ఆ కావలివారి పని తెలియవలెనన్న ముందుగా దొంగ దాగినచోటు తెలియవలెను. మన శరీరము లెక్కకందని చిన్నచిన్న గదులు గల మహాభవనము. ఒక్కొక్క గదికి జీవకణమని పేరు. ఈ గదుల నడుమ నెత్తురును, లసికారసమును వీథులవలె ప్రవహించుచుండును. ఈ వీథులలో ప్రతిరక్షకములను పదార్థములు సంచరించుచుండును. బయట తిరుగు క్రిములను అవి పట్టి బంధించును. కాని గదిలోపలికి పోయిన క్రిమిని పట్టుట వాటి వశము కాదు. తలుపు మూసిన యింటిలోనికి వీథిభటుడు పోజాలడుగదా!

క్షయక్రిమి ఈ కిటుకు నెఱిగినది. రోగి దగ్గినపుడు గాలిలో తేలు సూక్ష్మమైన తుంపరలలో నెక్కి అది మన ఊపిరితిత్తుల కొసలకు చేరును. అచట భక్షకకణములని కొన్ని గలవు. దుమ్మునైనను క్రిమినైనను మ్రింగి శుభ్రపరచుట వాటి పని. మ్రింగినదానిని అవి ఒక సంచిలో నుంచి, ఆమ్లముతో నిండిన మరియొక సంచిని దానితో కలిపి, లోపలి క్రిమిని జీర్ణముచేయును. క్షయక్రిమి ఆ రెండు సంచులను కలియనీయదు. తనను మ్రింగిన కణములోనే కాపురముపెట్టి, సుమారు 20 గంటలకొకసారి ఒకటి రెండుగా, రెండు నాలుగుగా పెరుగుచుండును. కావలివాని గుడిసెలోనే దొంగ కాపురముండుట యన్నమాట! ఇంటిదొంగను ఈశ్వరుడైన పట్టజాలడని మన పెద్దలనిరి. ఈ దొంగ విషయమున ఆ సామెత కొంతవరకు నిజమే.

కొంతవరకే యనుటకు కారణమున్నది. దొంగ చొచ్చిన గది ఊరకుండదు. తానే సంకేతము నిచ్చును. అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మనము కుండనంతయు బోర్లించుదుమా? ఒక్క మెతుకు పట్టి చూతుము. ప్రతి జీవకణమును తనలోపల నున్న మాంసకృత్తులను ఎప్పటికప్పుడు చిన్నచిన్న తునకలుగా చేసి, ఒక్కొక్క తునకను ఒక్కొక్క పళ్ళెరములో నుంచి తన వెలుపలి గోడపై ప్రదర్శించుచుండును. ఈ పళ్ళెరములకు శాస్త్రజ్ఞులు ఎం.హెచ్.సి. అణువులని పేరిడిరి. లోపల దొంగ లేనపుడు పళ్ళెరములన్నిటను స్వంత మెతుకులే యుండును. క్రిమి చేరినపుడు దాని మెతుకుకూడ ఒక పళ్ళెరములోనికి వచ్చును. దొంగ లోపల ఎంత దాగినను వాని యెంగిలి మెతుకు గుమ్మముమీదికి వచ్చినది!

పళ్ళెరములు రెండు తెగలు. మొదటి తెగవి దాదాపు అన్ని కణముల పైనను ఉండును. కణము లోపల తయారగు వస్తువుల మెతుకులను చూపును. రెండవ తెగవి ప్రధానముగా భక్షకకణములవంటి వాటిపైననే యుండును. మ్రింగి సంచిలో నుంచిన వస్తువుల మెతుకులను చూపును. క్షయక్రిమి సంచిలో కాపురముండునది గావున రెండవ తెగ పళ్ళెరములు ఈ కథలో ముఖ్యములు.

ఈ మెతుకులను పట్టి చూచువారే టి-కణములు. ఎముకల మూలుగలో పుట్టి, రొమ్ముయెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో ఇవి చదువు నేర్చును. ఆ గ్రంథి పేరిలోని మొదటి అక్షరమే వీటి పేరైనది. అది పనికిమాలిన అవయవమని చాలకాలము తలచిరి. 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు, అప్పుడే పుట్టిన చుంచుల థైమస్‌ను తొలగించిన అవి అంటువ్యాధుల నెదిరింపలేకపోవుటను చూపి దాని గౌరవమును నిలబెట్టెను. ఆ బడి చాల కఠినమైనది. పళ్ళెరమును గుర్తింపలేని విద్యార్థికి అచట చోటులేదు. స్వంత మెతుకునే శత్రువని పైబడు విద్యార్థికిని చోటులేదు. చేరినవారిలో అత్యధికులు అచటనే అంతరింతురు. గట్టెక్కినవారు మాత్రమే వీథిలోనికి వత్తురు.

టి-కణము మెతుకును మాత్రమే చూడదు. మెతుకుతోపాటు అది యున్న పళ్ళెరము తన యింటిదేనాయని గూడ చూచును. ఈ రహస్యమును ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనువారలు చుంచులపై పరిశోధనలు చేసి కనుగొని 1974లో లోకమునకు తెలిపిరి. అందులకు వారికి 1996లో నోబెల్ బహుమానము లభించెను.

ఇప్పుడు మన కథకు వత్తము. ఊపిరితిత్తిలో క్రిమి చేరినచోట కొన్ని దూతకణములు దాని తునకలను తీసికొని సమీపములోని లసికాగ్రంథికి పోవును. గొంతు నొచ్చినపుడు మెడయందును, కాలికి పుండైనపుడు గజ్జయందును బిళ్ళ కట్టినదందుము. ఆ బిళ్ళలే లసికాగ్రంథులు. అచట వేలకొలది టి-కణములు దూత చూపిన పళ్ళెరమును తడవి పోవుచుండును. ఒక్కొక్క టి-కణము గుర్తించునది ఒక్కొక్క విధమైన మెతుకునే. తన మెతుకు కనబడినది ఆగును. అయినను మెతుకొక్కటియే చాలదు. అపాయము నిజమేనని తెలుపు రెండవ సంకేతముకూడ దూత ఈయవలెను. రెండు తాళపుచెవులు త్రిప్పినగాని తెరచుకొనని ఇనుపపెట్టెవంటిదీ యేర్పాటు. లేనిచో ప్రతి చిన్నదానికి టి-కణములు రేగి స్వంత యింటినే తగులబెట్టును. రెండు సంకేతములును కుదిరినపుడు ఆ యొక్క కణమే వేలకొలదిగా పెరిగి ఊపిరితిత్తికి బయలుదేరును. క్రిమి సోకిన నాటినుండి ఈ సేన సిద్ధమగుటకు రెండు మొదలు ఎనిమిది వారములు పట్టును.

సేనలో రెండు ముఖ్యమైన తెగలున్నవి. సహాయక టి-కణములు రెండవ తెగ పళ్ళెరమును చదివి, దొంగ దాగిన భక్షకకణమునకు ఇంటర్‌ఫెరాన్-గామా అను వార్తాద్రవ్యమును పంపును. "నీలోపల దొంగ యున్నాడు, మేలుకొనుము" అన్నట్టి కేకయది. ఆ కేక వినగానే నిద్రమత్తులోనున్న భక్షకకణము మేలుకొని, ఇంతవరకు కలియని ఆమ్లపుసంచిని క్రిమి సంచితో కలుపును. హంతక టి-కణములు మొదటి తెగ పళ్ళెరమును చదివి, దొంగతోగూడ ఆ గదినే కూలద్రోయును. అన్ని క్రిములను చంపలేనపుడు కావలివారందరును కలిసి వాటిచుట్టు గోడకట్టి బంధింతురు. ఆ బందీఖానాలో క్రిమి సంవత్సరములకొలదిగా ఉండగలదు. అట్టి స్థితిలోనున్న మనిషికి దగ్గు రాదు, జ్వరము రాదు, ఇతరులకు అంటుట అసలే లేదు.

ఇదే ఇంటిదొంగతనము చేయు మరి రెండు వ్యాధులను గూర్చి ఒక మాట చెప్పి ముందునకు పోదము. సికింద్రాబాదులో 1897 ఆగష్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపుగోడలో చలిజ్వరపు క్రిమిని కనుగొనెనని మనమెల్లరము విన్నదే. దోమ కుట్టినతోడనే ఆ క్రిమి ముందుగా మన కాలేయపు కణములలో దాగును. అచట హంతక టి-కణములు దానిని పట్టగలవు. తరువాత అది ఎఱ్ఱకణములలో దూరును. ఎఱ్ఱకణమునకు కేంద్రములేదు, గోడపై పళ్ళెరములును లేవు. అచట చేరిన దొంగ మెతుకు హంతక టి-కణములకు కనబడదు. చలిజ్వరము మాటిమాటికి వచ్చి పీడించుటకు ఇదియు ఒక కారణము. ఇక కుష్ఠు మాట. నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో కుష్ఠురోగులకు వైద్యశాల స్థాపించెను. అట్టి వైద్యశాలలలో ఒక రోగికి ఒకటి రెండు మచ్చలతోనే జబ్బు నిలుచుటయు, మరియొకరికి దేహమంతట వ్యాపించుటయు చూచుచుండిరి. క్రిమి యొక్కటే, మనుజులు వేరు. టి-కణములు గట్టిగా మేల్కొన్నవారిలో క్రిములు కొద్ది. మేల్కొననివారిలో అవి లెక్కకు మిక్కుటము.

ఇప్పుడు సోదరి ముంజేతిమీది పొంగును గూర్చి చెప్పుదుము. 1882లో క్షయక్రిమిని కనుగొన్న రాబర్ట్ కాక్, 1890లో ఆ క్రిమినుండి ట్యూబర్‌క్యులిన్ అను ద్రవమును తీసి అదియే క్షయకు మందని ప్రకటించెను. మందుగా అది విఫలమైనది, పరీక్షగా నిలిచినది. 1908లో ఫ్రాన్సు దేశీయుడగు చార్లెస్ మాంటూ దానిని చర్మములో సూదితో వేయు పద్ధతిని ప్రచారము చేసెను. నేటికిని మాంటూ పరీక్ష యనుచున్నాము. ఆ సూదిలో బ్రతికిన క్రిమి లేదు. క్రిమి మెతుకులే యున్నవి. చర్మములోని కణములు ఆ మెతుకులను పళ్ళెరములలో ప్రదర్శించును. ఇదివరకే ఆ దొంగను ఎఱిగిన టి-కణములు శరీరములో నున్నచో అవి వచ్చి గుమిగూడి, తోడివారిని కేకవేసి అచట పొంగును కలిగించును. వారు నడచి వచ్చి గుమిగూడుటకు కాలము పట్టును గనుకనే ఆ పొంగును 48 గంటలనుండి 72 గంటల లోపల చూచెదరు. ఎఱుపును గాక గట్టిపడిన మేరను కొలుతురు. సాధారణముగా 10 మిల్లీమీటర్లును అంతకు పైబడినదియు పాజిటివ్ అందురు. ఈ పని నెత్తుటిరసముది కాదు, కణములదేయని 1945లో మెరిల్ చేజ్ సీమపందికొక్కులపై నిరూపించెను. సోకినదాని తెల్లకణములను సోకనిదానికి ఎక్కింపగా దాని చర్మముకూడ ట్యూబర్‌క్యులిన్‌కు పొంగినది. రసమును మాత్రమే ఎక్కించిన పొంగలేదు.

కాబట్టి సోదరీ, నీ చేతిమీది పొంగు జబ్బు గురుతు కాదు. నీ కావలివారి జ్ఞాపకశక్తికి గురుతు. "ఈ దొంగ మొగమును మేమెఱుగుదుము" అని వారు చెప్పిన సాక్ష్యమది. చిన్ననాడు వేసిన బి.సి.జి. టీకావలన గూడ ఒక్కొక్కప్పుడు ఆ పొంగు రావచ్చును. అందువలననే బి.సి.జి.కి స్పందింపని నూతన చర్మపరీక్షయు, నెత్తుటిలోని టి-కణములకు క్రిమి మెతుకును చూపి వెలువడు ఇంటర్‌ఫెరాన్-గామాను కొలుచు పరీక్షయు నేడు వచ్చినవి. ఏ పరీక్షయైనను కావలివారు దొంగను ఎఱుగుదురా యనియే చెప్పును గాని, ఇల్లు దోపిడియైనదాయని చెప్పదు. దానిని తేల్చునవి దగ్గు, జ్వరము, బరువు, తెమడ పరీక్ష, ఎక్స్‌రే. ఎక్స్‌రే నిర్మలముగా నుండి యే లక్షణమును లేదని వైద్యులు చూచి చెప్పిరిగదా. నీవు జబ్బుమనిషివి కావు.

మరి మాత్రలేల? గోడ కట్టి బంధించిన దొంగ చావలేదు. కావలివారు అలసిన దినమున గోడ విరుగవచ్చును. సోకిన తొలి రెండేండ్లలో ఆ భయము అధికము. రోగితో ఒకే యింటనుండువారికి మరియు అధికము. లోపల బందీగానున్న క్రిములను ముందే చంపుటకే ఆ మాత్రలు. మన దేశములో ఈ మాత్రలు ముఖ్యముగా రోగియింటి పసిబిడ్డలకును, హెచ్.ఐ.వి. గలవారికిని ఇచ్చుచుండిరి, 2021 మార్గదర్శకములనుండి ఇంటివారికి అన్ని వయసులవారికిని, జబ్బు లేదని చూచినపిదప, విస్తరించిరి. దినమున కొకటిగా ఆరు మాసములు మ్రింగు పద్ధతియు, వారమున కొకసారి మూడు మాసములు మ్రింగు పద్ధతియు గలవు. ఏది తగునో వైద్యులు చెప్పుదురు. మ్రింగునపుడు వాంతియైనను, కన్నులు పచ్చబడినను, ఆకలి పూర్తిగా చచ్చినను ఆలస్యము చేయక వైద్యులకు తెలుపవలెను. ఆ మందు కొందరిలో కాలేయమునకు హానిచేయును. నీ రెండేండ్ల బిడ్డను వెంటనే చూపింపుము. ఐదేండ్లలోపు బిడ్డల కావలివారు ఇంకను బలపడలేదు; వారిలో క్షయ శీఘ్రముగా మెదడుకు పాకగలదు. పుట్టిననాడు వేసిన బి.సి.జి. అట్టి ఘోరమునుండి చాలవరకు కాపాడును గాని పూర్తిగా కాదు.

గోడ విరుగుటకు కారణములను తెలిసికొనుట ఇల్లాండ్రకు మిక్కిలి అవసరము. హెచ్.ఐ.వి. సహాయక టి-కణములనే చంపును; కేకవేయువారు లేక భక్షకకణములు నిద్రలోనే యుండిపోవును. చక్కెరవ్యాధి అదుపులో లేనివారికి క్షయ భయము రెండుమూడు రెట్లు. పొగత్రాగుడును, మితిమీరిన మద్యమును కావలిని బలహీనపరచును. రాతిపనివారి యిండ్లకు మరొక మాట. తాండూరు నాపబండలు సున్నపురాతి జాతివి. కాని సిలికా అధికముగా గల రాతిని కోయుచోట ఆ ధూళిని మ్రింగిన భక్షకకణములు చెడిపోవును, అట్టివారికి క్షయ సులభముగా పట్టును. ఏ రాయియైనను నీరుచల్లి, ముక్కుకు రక్షణ పెట్టుకొని కోయుట మేలు.

అన్నిటికంటె పెద్దది ఆకలి. ఒక్క టి-కణము వేలకొలదిగా పెరుగవలెనన్న మాంసకృత్తులు కావలెను. అనంతగిరివంటి చోట్ల పుష్టికరమైన భోజనము పెట్టినవారు టి-కణముల పేరెఱుగరు, కాని వారి పట్టు నిజమైనదే. జార్ఖండ్ రాష్ట్రములో 2019 మొదలు 2022 వరకు ఒక పరిశోధన జరిగినది. క్షయరోగుల యిండ్లలోని పదివేలకు పైబడిన బంధువులలో కొందరి యిండ్లకు నెలనెల బియ్యమును, పప్పును అదనముగా ఇచ్చిరి. ఇచ్చిన యిండ్లలో క్రొత్తగా క్షయ వచ్చినవారు ఈయని యిండ్లకంటె సుమారు నూటికి 40 వంతులు తక్కువ. 2023లో ఈ ఫలితము ప్రకటితమైనది. ఇది చదివి మేము మన యిండ్ల నాలుగు గోడలనడుమ జరుగు సంగతిని తలంచుకొంటిమి. అందరికి వడ్డించి తుదకు అడుగంటినది తినువారెవరు? తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినదని ఆ ప్రాంతమువారు గర్వింతురు, తగిన గర్వమే. కాని అచటి కోడలి కంచములోనికి ఆ పప్పు చారులోని నీటివలెనే చేరుచున్నచో గుర్తింపెవరికి? ఆమె కావలివారు ఏమి తిని పోరాడుదురు? రోగికి ప్రభుత్వము 2018నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1000 రూపాయలు ఆహారము కొఱకిచ్చుచున్నది. ఆ సొమ్ము కుటుంబములోని యే యితర ఖర్చునకును మళ్ళక పప్పు, గ్రుడ్డు, పాలుగా మారునట్లు చూచుట గృహిణుల ధర్మము.

చివరిమాట అత్తగారికి. అమ్మా, బిడ్డను కాపాడవలెనను మీ తపనను మేమెఱుగుదుము. కాని మీరు కంచెను తప్పుచోట కట్టితిరి. క్షయ కంచమువలన, గ్లాసువలన, బట్టలవలన రాదు. జబ్బుపడినవారి దగ్గునుండి గాలిలో వచ్చును. మీ చిన్నకోడలికి జబ్బులేదు గనుక ఆమెనుండి బిడ్డకు అంటదు. జబ్బుపడిన పెద్దకోడలికి కూడ సరియైన మందులు క్రమముగా పడినచో కొలది వారములలోనే అంటించు శక్తి మిక్కిలి తగ్గును. 1956లో చెన్నపట్టణమున మొదలైన పరిశోధనలో రోగులను రెండు భాగములుగా చేసి ఒక భాగమును చికిత్సాలయమునందును, ఒక భాగమును వారి యిరుకైన యిండ్లలోను ఉంచి ఒకే మందులిచ్చిరి. 1959లో ప్రకటితమైన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను. ఇంటనున్నవారును దాదాపు అంతే బాగుగా కోలుకొనిరి. వారి యింటివారికి అందువలన అధికముగా జబ్బు సోకలేదు. అప్పటినుండి లోకమంతటను రోగులను కొండలకు పంపుట మాని ఇంటనే మందులీయ సాగిరి. కొండమీదికి పంపవలసిన పని రోగికే లేనపుడు, ఆరోగ్యవతియగు కోడలిని పుట్టింటికి పంపవలసిన పని యేమున్నది?

మీరు చేయవలసినవి కొన్నియే. కిటికీలు తెరచియుంచుడు. రోగి దగ్గునపుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనునట్లు చూడుడు. తొలి రెండు మాసములు నాలుగు మందులు, తరువాతి నాలుగు మాసములు మూడు మందులు, మొత్తము ఆరు మాసములు ఒక్క దినమును తప్పక పడునట్లు చూడుడు. బాగైనదని నడుమ మానినచో మిగిలిన క్రిములు మందునకు లొంగనివై తిరుగబడును. టి-కణములు, మందులు కలిసి చేయు పోరాటమిది; ఒకరిని విడిచి ఒకరు గెలువలేరు. టి-కణములు మాత్రమే పోరాడిన ఇల్లు పాడగును: ఊపిరితిత్తులలో కనబడు గుంటలలో చాలభాగము ఆ పోరాటపు ఫలితమే.

తాండూరు సోదరీ, ఈ పుటను మీ అత్తగారికి చదివి వినిపింపుము. నీ కంచమును నీవే తెచ్చి అందరి కంచముల సరసన పెట్టుము. దానిలో పప్పు కాస్త చిక్కగా వడ్డించుకొనుము. మాత్ర మ్రింగి, బిడ్డను వైద్యులకు చూపించి, రాత్రి నీ ప్రక్కనే పరుండబెట్టుకొనుము. మూడు నెలలకో ఆరు నెలలకో మాత్రలు ముగిసిననాడు మాకు మరల ఒక ఉత్తరము వ్రాయుము. ఎదురుచూచుచుందుము.